ముట్టుకోకుండా నడిచిన కొండ

కొండలంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఈ మధ్య కొండ ఎక్కానని ఎవరితోనైనా అంటే చాలు, పైన గాలి ఎలా ఉంటుంది, సూర్యోదయం చూశారా, మనసుకు ఎంత హాయో కదా అని మొదలుపెడతారు. హాయి సంగతి నాకు తెలియదు. మోకాళ్ల సంగతి తెలుసు, మడమల సంగతి తెలుసు. వేప్పనపల్లి దగ్గర మా అత్తవారి ఊరి కొండను ఎండలో, వానలో, మంచులో, వీలైన ప్రతి ఆదివారం ఎక్కి దిగినదాన్ని నేను. ఒక్కసారి కూడా సరదా పడి ఎక్కలేదు.

మా పుట్టిల్లు బాగలూరు వైపు. అక్కడ నేల చదును. గులాబీ తోటల గట్ల మీద పెరిగిన నాకు ఎత్తు అంటే మిద్దె మెట్లే. పెళ్లయ్యాక జూజువాడిలో కాపురం. మా ఆయనకు చెక్‌పోస్టు దగ్గర లారీలకు తాళ్లు, టార్పాలిన్లు అమ్మే కొట్టు ఉంది. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పని చేస్తాను. వచ్చిన ప్రతి వస్తువునూ లైటు కింద పెట్టి, ఎక్కడ గీత పడిందో, ఏ అంచు పగిలిందో చూసి పక్కన పెట్టాలి. ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ నిలబడే ఉండాలి. సాయంత్రానికి కాళ్లు నావి కావు. ఆదివారం అంటే కాళ్లు చాపుకుని పడుకునే రోజు, అంతకు మించి నాకు ఏ పండగా అక్కర్లేదు. ఆ ఒక్క రోజునూ మా వదిన లాగేసుకుంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. మా అత్తామామలు పోయాక ఆ ఇంటినీ, మామిడి తోటనూ, రాగి చేనునూ ఒంటిచేత్తో నడుపుకుంటోంది. మాట కరుకు. కూలివాళ్లూ, మామిడికాయల వ్యాపారులూ, మా ఆయనా అందరూ ఆమె ముందు గొంతు తగ్గించే మాట్లాడతారు. పెళ్లయిన కొత్తలో నాకు కూడా ఆమె అంటే భయం ఉండేది. కొన్నేళ్లకు భయం పోయి చిరాకు మిగిలింది. నా మీద ఆమెకు కూడా అంతే.

ఒక ఉగాదికి ఊరికి పోయినప్పుడు నేనొకటి గమనించాను. వదిన వంటింట్లోంచి వస్తూ వాకిలి ద్వారబంధానికి భుజం కొట్టుకుంది. పుట్టి పెరిగిన ఇల్లు అది. కాసేపటికి నడవలో ఉన్న నీళ్ల బిందెను తన్నుకుంది. భోజనాల దగ్గర నా విస్తట్లో వడ్డించాల్సిన పప్పు సగం చాప మీద పోసింది. మా ఆయన ఏమీ చూడలేదు, ఒబ్బట్ల మీద ఉన్నాడు. కానీ నా ఉద్యోగమే తప్పు పట్టడం. మర్నాడు సెలవు పెట్టి, ఆమె తిడుతుంటే తిట్టించుకుంటూనే కృష్ణగిరిలో కళ్ల ఆసుపత్రికి తీసుకుపోయాను.

నీటికాసులు అన్నారు. లోపల ఒత్తిడి పెరిగి చాలాకాలంగా కన్ను దెబ్బతింటూ వచ్చిందట. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది. పక్కన ఉన్నదీ, కాళ్ల దగ్గర ఉన్నదీ కనిపించదు. పోయిన చూపు ఇక రాదు, చుక్కలు వేసుకుంటూ ఉన్నది కాపాడుకోవాలి, అయినా కొంచెం కొంచెంగా తగ్గవచ్చు అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నేను అదే మాట మళ్లీ అడిగాను. వదిన మాత్రం సంతలో బేరం వింటున్నట్టు విని, చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

తిరుగు బస్సులో ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎలా ఓదార్చాలో కూడా మనసులో కూడబలుక్కుంటున్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి ఉన్నట్టుండి అడిగింది.

“కార్తీకానికి ఇంకా ఎన్ని నెలలుండాదమ్మా?”

ఎందుకు అడిగిందో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కావాలంటే ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

ఊరి కొండ మీద ఒక రాతి ప్రమిద ఉంది. కార్తీక పున్నమికి పొద్దు వాలే వేళకు ఊరంతా ఎక్కి అందులో దీపం పెడతారు. మొదటి నూనె మా అత్తవారింటి నుంచి పోవాలి. ముక్కున్న చిన్న ఇత్తడి చెంబు, దాన్ని గిండి అంటారు, దాని నిండా ఆముదం పోసుకుని, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే ఆడమనిషే ఉత్త కాళ్లతో మోసుకుపోవాలి. నూనె ప్రమిదలో పడేవరకూ ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. జారినా సరే చెయ్యి పట్టకూడదు. పట్టుకున్నారా, ఆ ఏటితో గిండి ఆ ఇంటిది కాదు, దాయాదుల ఇంటికి పోతుంది. ఒకప్పుడు అది దాయాదులదేనట. వాళ్ల అవ్వ ఒక వాన ఏడాది బండ మీద జారితే, వెనక వస్తున్నవాళ్లు ఎవరో జాలిపడి రెక్క పట్టుకున్నారట. ఆ జాలితో గిండి మా ఇంటికి వచ్చేసింది. మా అత్త మోసింది, ఆమె తర్వాత వదిన మోస్తోంది. ఊరి అవతలి కొసన ఉన్న ఆ దాయాది, మా మామ పెదనాన్న మనవడు, నాకు బావ వరస అవుతాడు. కార్తీకం వచ్చినప్పుడల్లా ఆయన వదిన వెనకాలే నడిచేవాడు. జారితే చూద్దామనే నడుస్తాడని వదిన అనేది.

కాళ్ల కింద ఏముందో కనబడని మనిషి ఆ కొండను ఒంటరిగా, గిండితో ఎక్కాలి. అదీ సంగతి.

“కండ్లు చూడకపోతే కాళ్లు చూస్తాయిలే,” అంది వదిన. “దావ కాళ్లకు నేర్పించాల. నువ్వు ఆదివారం ఆదివారం రా. ఊర్లో ఎవురికీ చెప్పొద్దు.”

“నేనెందుకు వస్తున్నానని అడగరా?”

“నీకు షుగరని చెప్తాను. డాక్టరు నడవమన్నాడని చెప్తాను.”

నాకు షుగరు లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ ఊళ్లో నేను అప్పటినుంచీ షుగరు మనిషినే. నేను బస్సు దిగితే చాలు, ఒకామె మెంతులు నానబెట్టి తాగమంటుంది, ఇంకొకామె కాకరకాయ రసం గ్లాసుతో గుమ్మంలోనే నిలబడుతుంది. ఎవరింట్లో పాయసం వండినా నా వరకు వచ్చేసరికి ఆ గరిటె పక్కకు తిరిగిపోయేది. “పాపం, ఆ హోసూరమ్మకు ఈ వయసులోనే వచ్చిందంటమ్మా,” అని నా ముందే అనుకునేవాళ్లు. రోగం ఆమెది, పథ్యం నాది.

మొదటి నెలలు ఎండాకాలం. నేను తొలి బస్సు దిగగానే బయలుదేరేవాళ్లం. మా అమ్మాయి పాత స్కూలు బ్యాగులో నీళ్లు, మజ్జిగ, పెరుగన్నం, పసుపు, గుడ్డ పీలికలు, కంట్లో వేసే చుక్కల మందు అన్నీ సర్దుకుని వీపున తగిలించుకునేదాన్ని. వదిన ఖాళీ గిండి పట్టుకుని ముందు నడిచేది. నేను రెండడుగులు వెనక. మొదట్లో “ముందర రాయి ఉంది, పక్కన గుంత ఉంది” అని చెప్తూ పోయాను. కాసేపు విని ఆగిపోయింది.

“నువ్వు నోరు మూసుకోమ్మా. నువ్వు చెప్తా ఉంటే నా కాళ్లు ఎప్పటికి నేర్చుకుంటాయి?”

అంత దూరం నుంచి నిద్ర చెడగొట్టుకుని వచ్చినందుకు నాకు దక్కిన మర్యాద అది. మూసుకున్నాను.

కింద చింతచెట్ల దగ్గర పశువులు తొక్కిన మట్టిదారి, మెత్తగా ఉంటుంది. దాని తర్వాత ముళ్ల పొదల మధ్య గులకరాళ్లు. ఆ పైన ఏటవాలు బండ. బండ దాటితే రెండు పెద్ద గుండ్ల మధ్య ఒక మనిషి పట్టే సందు. సందు దాటాక కాలు పెడితే దొర్లే రాళ్లు, ఆ తర్వాత శిఖరం. వదిన ప్రతి చోటా నిలబడి, అరికాలితో నేలను రుద్ది చూసుకునేది. బొటనవేలితో రాయి అంచు వెతుక్కునేది. ఒకచోట అడుగు తప్పితే వెనక్కి దిగి మళ్లీ అక్కడినుంచే ఎక్కేది. అలా ఎక్కిందే ఎక్కుతుంటే ఎండ పైకి వచ్చేసేది. దిగేటప్పటికి బండ పెనంలా కాలేది. నేను చెప్పులతో కూడా నిలవలేకపోయేదాన్ని. ఆమె కాళ్లు బొబ్బలెక్కేవి. బొబ్బల మీద మళ్లీ వారం నడిచేది. సోమవారం ఫ్యాక్టరీలో టేబుల్ దగ్గర నిలబడి, నాకేమి ఖర్మ ఇది అని ఎన్నిసార్లు అనుకున్నానో.

మామిడికాయల కోత వచ్చింది. ఆ వారాలు కొండ లేదు. తోటలో ఆమె పని ఆమెకే సరిపోయింది. నేను హాయిగా పడుకున్నాను, ఆ ఆదివారాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కోత అయ్యాక వానలు. వానలో ఆ కొండ వేరే కొండ. ఎండాకాలంలో ఆమె కాళ్లు నేర్చుకున్నది సగం కొట్టుకుపోయింది. గులకరాళ్లు కిందికి జారాయి, మట్టిదారి నడుమ కాలువలు పడ్డాయి, బండ మీద పాచి పట్టింది. మళ్లీ మొదటి నుంచి. ఒక ఉదయం తుంపరలో ఎక్కుతున్నాం. బండ మీద ఆమె కాలు జారింది. నాకు ఆలోచన లేదు, చెయ్యి దానంతట అదే పోయి ఆమె రెక్క పట్టుకుంది. పడకుండా ఆపాను. మోకాలు మాత్రం గీరుకుని రక్తం వచ్చింది. ఆమె నా చేతిని విదిలించి కొట్టింది.

“ఈ పొద్దు కార్తీకమై ఉంటే పాయెనే! అంతా పాయెనే!”

“పోతే పోనీ!” అని నేనూ అరిచాను. తడిసి ముద్దయి ఉన్నాను, చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. “ఆ చెంబు వాళ్లింటికి పోతే ఏమి మునిగిపోతుంది వదినా? వాళ్లు మోస్తే దీపం వెలగదా? నువ్వు ఇక్కడినుంచి కింద పడితే ఎవరు చూస్తారు నిన్ను? నేనే కదా!”

ఆమె బండ మీదే కూర్చుంది. వాన నీళ్లు ముఖం మీద కారుతుంటే తుడుచుకోలేదు.

“నాకని ఏముండాది చెప్పమ్మా,” అంది. “మొగుడు పాయె. బిడ్డలు లేరు. తోట మీ ఆయనదీ నాదీ. ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచే పెద్దోళ్లు అందురూ పోయినారు. ఇప్పుడు నేను యాడికి పోయినా గిండమ్మ వచ్చింది అంటారు. గిండి లేకపోతే, కండ్లు కూడా లేకపోతే, ఇంక నేనెవురు?”

నా కోపం పోయింది. చున్నీ పిండుకుని, బ్యాగులోంచి పసుపు తీసి, మోకాలికి తనే అద్దుకోమని ఆమె అరచేతిలో పోశాను. ఆ రోజు నుంచి బండ దగ్గరకు రాగానే నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. నా చేతుల మీద నాకు నమ్మకం లేకపోయింది.

వానలు తగ్గి సీతాఫలాలు పండే రోజుల్లో బెంగళూరు నుంచి కొందరు పిల్లలు ఆ కొండకు వచ్చారు. మడమల పైదాకా బూట్లు, చేతుల్లో కర్రలు, వీపున సగం ఇల్లు. ఎవరో ఫోనులో ఈ కొండ దారి పెట్టారట. ఒక అమ్మాయి వదిన కాళ్లు చూసి, “వావ్ ఆంటీ, బేర్‌ఫుట్!” అంది. వదిన నా వైపు తల తిప్పింది.

“ఏమంటాండాదమ్మా ఆ పాప?”

“నీ కాళ్లు బాగున్నాయంట.”

“అంత లావు బూట్లేసుకుంటే దావ ఎట్ల తెలుస్తాది పాపం,” అని గొణుక్కుంటూ పైకి నడిచింది. ఆ పిల్లలు మమ్మల్ని దాటి గబగబా ఎక్కిపోయారు, ఫొటోలు తీసుకుని దిగిపోయారు కూడా. మేము ఇంకా సందు దగ్గరే ఉన్నాం. నాకు ఆ పిల్లల మీద అసూయ కలిగింది. ఒకే కొండను మళ్లీ ఎక్కాల్సిన పని వాళ్లకు లేదు.

కార్తీక పున్నమి రానే వచ్చింది. ముందు రోజు వాన పడింది. ఊరంతా వెనక నడుస్తుంటే వదిన గిండి పట్టుకుని ముందు బయలుదేరింది. నేను ఆమె వెనక, నా వెనక దాయాది బావ. చేతులు వెనక్కి కట్టుకున్నాను. మట్టిదారి దాటింది. గులకరాళ్లు దాటింది. బండ మీద ఒక్కో అడుగూ లోలోపల లెక్కపెట్టుకున్నాను. సందు దగ్గర ఆమె ఆగిపోయింది. ఎడమ కాలు ఎత్తి, రాయి దొరక్క మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది. జనమంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. వెనక ఎవరో ఏమైందని అడిగారు.

“ఆగండప్పా, ఊపిరి తీసుకోనీండి ఆయమ్మను,” అని బావ కసిరాడు.

మూడోసారి కాలికి రాయి తగిలింది. సందు దాటింది, దొర్లే రాళ్లు దాటింది, ప్రమిదలో నూనె పోసింది. దీపం వెలిగాక జనం గోల చేస్తుంటే నేను ఒక రాయి మీద కూలబడ్డాను. సంతోషమో అలసటో చెప్పలేను. అయిపోయింది, ఇంక నా ఆదివారాలు నావి అనుకున్నాను.

మర్నాడు జూజువాడికి బయలుదేరుతుంటే వదిన బస్సు దాకా వచ్చింది.

“వచ్చే ఆదివారం వస్తావు కదా?”

“అయిపోయింది కదా వదినా!”

“వచ్చే ఏటికి కండ్లు ఇంకా తగ్గుతాయి కదమ్మా,” అంది, రేషన్ తగ్గుతుందన్నంత మామూలుగా.

చలికాలంలో తెల్లవారుజాము బస్సుకు మంచులో దారి కనబడదు, డ్రైవరు లైట్లు వేసుకుని పాకుతున్నట్టు నడిపేవాడు. స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, ముక్కు కారుతూ, ఊగుతూ కూర్చుని పోయేదాన్ని. పొలాల్లో రాగి కోతలై కుప్పలు పడి ఉండేవి. ఊళ్లో ప్రతి ఇంట్లో అనపకాయల చారు వాసన వచ్చేది, అది మాత్రం నాకూ పోసేవాళ్లు. దానికి షుగరు అడ్డం కాదు కదా. ఏనుగులు దిగాయంటే కొన్ని వారాలు కొండ వైపు ఎవరూ పోకూడదు. ఏనుగుల పుణ్యమా అని నాకు సెలవు దొరికేది.

చలిలో ఇంకొక కష్టం వచ్చిపడింది. రాయి మంచులా ఉండి వదిన అరికాళ్లు తిమ్మిరెక్కేవి. తిమ్మిరెక్కితే ఏది గులకరాయో ఏది చెట్టు వేరో కాళ్లకు తెలియదు. బండ దగ్గర కూర్చుని పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని రుద్దుకునేది. నేను రుద్దనా అంటే వద్దనేది. అలవాటు చెడిపోతుందట. అన్నాళ్లలో మేము మాట్లాడుకున్నది తక్కువ. కానీ ఆమె ఊపిరి విని, ఎక్కడ భయపడుతోందో, ఎక్కడ ధీమాగా ఉందో చెప్పగలిగేదాన్ని. నా భర్త ఊపిరి నాకు అంతగా తెలియదు.

రెండో ఉగాది దాటాక కొండకు మెట్లు కట్టిస్తారని తెలిసింది. పూనుకున్నది దాయాది బావే. ఊళ్లో తిరిగి అందరినీ కూడగట్టాడట, పక్క ఊళ్ల నుంచి కూడా సాయం తెచ్చాడట. వదిన మండిపడింది.

“దావ చెడగొడతాండాడు. నా కాళ్లకు తెలిసిన దావ లేకుండా చేస్తే నేను పడతానని వాని ఎత్తు.”

నాకూ అదే నిజమనిపించింది. ఇన్నేళ్లు వెనకాలే నడిచిన మనిషి, ఇక ఆగలేక పని మొదలుపెట్టాడనుకున్నాను. పని జరుగుతున్నన్నాళ్లు కొండ ఎక్కనివ్వలేదు. సిమెంటు బస్తాలు, కంకర, కమ్మీలు గాడిదల మీద పైకి పోతుంటే వదిన వాకిట్లో కూర్చుని ఆ చప్పుడు వినేది. మామిడి కోత అయ్యి, మొదటి వానలు పడ్డాక మెట్లు పూర్తయ్యాయి.

ఆ ఆదివారం ఇద్దరం పోయాం. అన్ని మెట్లూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, ఒక పక్కన నడుము ఎత్తున ఇనప కమ్మి. సందును పగలగొట్టకుండా పక్కనుంచి చుట్టి తీసుకుపోయారు. ఎవరైనా ఎక్కగలిగేలా ఉంది. వదిన మాత్రం ఎక్కలేకపోయింది. ఆమె కాళ్లు ఇంకా పాత దారిలోనే నడుస్తున్నాయి. లేని రాయి కోసం కాలు ఎత్తుతుంది, సమంగా ఉన్నచోట గుంత ఉందని తడుముతుంది. ఏడాదికి పైగా నేర్చుకున్నదంతా సిమెంటు కింద ఉంది. బండ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి మెట్టు మీద చతికిలపడిపోయింది.

అప్పుడే పైనుంచి దాయాది బావ దిగి వచ్చాడు. చేతిలో తాపీ, లుంగీ నిండా సిమెంటు. ఏవో మరమ్మతులు చూసుకుంటున్నట్టున్నాడు. వదినను దాటి వచ్చి, ఆమెకు సరిగ్గా ఎదురుగా, రెండు మెట్లు కింద నిలబడ్డాడు. ఎక్కడ నిలబడితే ఆమెకు కనబడతాడో అతనికి తెలుసని నాకు అప్పుడు తట్టింది.

“కమ్మి పట్టుకోక్కా,” అన్నాడు.

“పట్టుకుంటే గిండి మీ ఇంటికి వస్తాది కదప్పా. దానికే కదా ఇదంతా.”

“కమ్మికి ఇల్లూ వాకిలీ ఉండాదా అక్కా? మనిషి పట్టుకుంటేనే కదా తప్పు. ఊర్లో పెద్దోళ్లందరినీ కూర్చోబెట్టి అడిగినాను. కమ్మి పట్టుకోవచ్చు అనినారు.” తాపీని లుంగీకి తుడుచుకున్నాడు. “పోయిన కార్తీకంలో సందు కాడ నువ్వు నిలబడిపోయినప్పుడే నాకు తెలిసిపాయె. ఊర్లో అందరికీ తెలుసు. ఈ యమ్మకు షుగరని నువ్వు చెప్తాంటే నమ్మినట్టు ఉండాము, అంతే.”

నేను తల దించుకున్నాను. ఆ కాకరకాయ రసమంతా తెలిసే తాగించారన్నమాట.

“నీకేమొస్తాదప్పా దీంట్లో?” అంది వదిన.

“మా అవ్వకు ఆ పొద్దు పట్టుకునేదానికి ఏమీ లేకపాయె,” అన్నాడు బావ. “ఆయమ్మ చచ్చేదాకా దాన్నే తలుచుకొని ఏడ్చింది. నేను చిన్నోణ్ణి, పక్కనే పండుకుని వింటా ఉంటిని.” నా పక్కనుంచి మెట్లు దిగిపోయాడు.

వదిన చెయ్యి చాపి, కాలుతుందేమో అన్నట్టు వేళ్లతో కమ్మిని తాకింది. మెల్లగా పట్టుకుంది. లేచి నిలబడింది. ఒక్కో మెట్టూ ఎక్కి పైదాకా పోయింది, మళ్లీ అలాగే దిగింది. నేను వెనక నడిచాను, చేతులు వెనక్కి కట్టుకునే. ఎప్పుడూ పట్టే టైములో సగం కూడా పట్టలేదు. కింద చింతచెట్ల దగ్గర ఆగి నా ముఖం కోసం తల అటూ ఇటూ తిప్పింది. ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

“ఇంక నువ్వు రానక్కర్లేదమ్మా,” అంది. “బాగా కష్టపడినావు. నీ ఆదివారాలు నీవి.”

ఎన్నాళ్లుగానో నేను వినాలని కోరుకున్న మాట అది. సరే అన్నాను.

తర్వాతి ఆదివారం మా ఆయన నన్ను లేపకుండా, తనే హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చి పెట్టి కొట్టుకు పోయాడు. నాకు ఎప్పుడో మెలకువ వచ్చేసింది. బస్సు వేళకు కళ్లు తెరుచుకున్నాయి. కాళ్లు చాపుకుని పడుకుని ఫ్యాను వైపు చూస్తూ, ఇప్పుడు ఎక్కడిదాకా ఎక్కి ఉంటుందో లెక్క వేసుకుంటున్నాను. నాకు బావ మీద కోపం వచ్చింది. మంచి పని చేసిన మనిషి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను, కోపం మాత్రం పోలేదు. కొన్ని వారాలు చూసి వదినకు ఫోను చేశాను. ఈ ఆదివారం రానా అని అడిగాను.

“ఎందుకమ్మా, కమ్మి ఉండాది కదా,” అంది. ఆ మాటలో దెప్పు లేదు, ప్రేమగానే అంది. చుక్కలు వేసుకుంటున్నావా అని అడిగి పెట్టేశాను.

కార్తీకానికి మా ఆయనా నేనూ ఊరికి పోయాం. వెనక నడవాల్సిన అవసరం లేదు కాబట్టి ఆడవాళ్లతో కలిసి నేను ముందే ఎక్కేశాను. మెట్లు తిరిగే చోట కమ్మి మీద చెయ్యి వేసుకుని, పక్కకు ఒదిగి నిలబడ్డాను. కింద జనం విడిపోయి దారి ఇచ్చారు. వదిన వస్తోంది. కుడి చేతిలో గిండి, ఎడమ చెయ్యి కమ్మి మీద జారుతోంది. తల నిటారుగా ఉంది. కిందటి ఏడాది కంటే చూపు తగ్గిందని మా ఆయన చెప్పాడు, నడక మాత్రం ధైర్యంగా ఉంది. ఊపిరి విన్నాను. భయం లేదు.

నా దగ్గరకు వచ్చేసింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి ఆమెకు కనబడను. వదినా అని పిలవవచ్చు, పిలవకూడదని ఏ నియమమూ లేదు. కానీ పిలిస్తే తల తిప్పుతుంది, తిప్పితే అడుగు తప్పుతుంది. అన్ని ఆదివారాలు నడిచింది ఆమె ఇలా ఒంటరిగా పోవడానికేనని నాకు తెలుసు. అయినా ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. కమ్మి మీద జారుతున్న ఆమె చెయ్యి నా చేతి దాకా వచ్చింది. తగలకుండా నా చెయ్యి తీసేశాను. ఆమె నన్ను దాటుకుని పైకి ఎక్కిపోయింది.